ఉదయం లోలకం, సాయంత్రం బోటు

సెలవులు దగ్గరపడటంతో ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే రకం రోజు గురించి: పిల్లల్ని వెంటబెట్టుకుని నగరం చూడ్డానికి వెళ్లి, ఒక పూట సైన్స్ మ్యూజియంలో, ఒక పూట నీటి మీద గడపడం. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా పిల్లలకు ఆరేళ్లు, పదేళ్లు. మ్యూజియం, అందులోని ప్లానెటేరియం షో, బోటు షికారు మూడూ ఒకే రోజు కుదురుతాయా? ముందు ఏది పెట్టుకోవాలి?

జవాబు: కుదురుతాయి. ఈ మూడింటిలో మనకోసం ఆగనివి రెండే: షో, బోటు. ముందు ఆ రెండు టైములూ కాగితం మీద వేసుకోండి, మిగతాదంతా వాటి మధ్య సర్దండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. మ్యూజియం ఎంతసేపు పడితే అంతసేపు చూసి, చివర్లో పిల్లల చేతులు పట్టుకుని రేవుకు పరిగెడతారు.

ప్లానెటేరియంలో షో మొదలయ్యాక సాధారణంగా లోపలికి రానివ్వరు. అది సిబ్బంది మొండితనం కాదు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో తలుపు తీస్తే ఆ వెలుతురుకి లోపలున్న అందరి కళ్లూ మళ్లీ మొదటికి వస్తాయి, సన్నటి చుక్కలు కనబడవు. కాబట్టి 20 నిమిషాల ముందే తలుపు దగ్గర ఉండండి. పిల్లల్ని బాత్రూంకి తీసుకెళ్లడం అంతకన్నా ముందే అయిపోవాలి.

ఇక బోటు ఎప్పుడంటే, పెద్ద చెరువైనా సముద్రమైనా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య వద్దు. ఎండెక్కేకొద్దీ నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటికి నీటి మీది చల్లగాలి తోసుకొస్తుంది. ఈ గాలి మధ్యాహ్నం ముదిరి, పొద్దు గుంకే వేళకు సన్నగిల్లుతుంది. అలలూ దాంతోపాటే. అందుకే మ్యూజియం తెరవగానే లోపలికి వెళ్లడం, బోటును పొద్దుగూకే ముందు గంటకు పెట్టుకోవడం మంచి పద్ధతి. ఒక్క హెచ్చరిక: చివరి ట్రిప్పుకు టికెట్ తీసుకోకండి, దానికి ముందుది తీసుకోండి. గాలి వల్ల ఒక ట్రిప్పు రద్దయితే తర్వాతిది ఉంటుంది. చివరిదే రద్దయితే ఆ రోజుకు ఇక బోటు లేనట్టే. రద్దయితే డబ్బు తిరిగిస్తారా, వేరే రోజుకు మారుస్తారా అన్నది టికెట్ కొనేటప్పుడే అడగండి.

సాయంత్రం ఉరుములు పడే అవకాశం ఉందని వాతావరణ సూచన చెబితే మాత్రం క్రమం తిప్పేయండి, పొద్దున్నే బోటు. ఉరుము వినబడిందంటే పిడుగు పడే దూరంలో మీరున్నట్టే. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు గడిచేదాకా నీటి మీదికి వెళ్లకూడదు.

మ్యూజియం నుంచి రేవుకు పట్టే కాలాన్ని మ్యాప్ చూపే నిమిషాలతో లెక్కెయ్యకండి. గ్యాలరీలోంచి బయటపడి, సామాన్ల గదిలో బ్యాగులు తీసుకుని, చెప్పుల లేసులు కట్టేసరికే 15 నిమిషాలవుతుంది. రేవులో టికెట్ చూపించి లైఫ్ జాకెట్లు తొడుక్కోవడానికి మరో 30. మ్యాప్ 20 అంటే మీరు 65 నిమిషాలు అనుకోండి. మధ్యలో ఒక గంట ఎక్కడైనా కూర్చోవడానికి వదిలేయండి. ఆరేళ్ల పిల్లకు ఆ గంట మ్యూజియంలో ఏ ప్రదర్శన కన్నా అవసరం.

ప్రశ్న: ఎంత మంచి మ్యూజియం అయినా గంటన్నర దాటితే మా పిల్లలు నేల మీద కూలబడతారు. ఇంట్లో రోజంతా గెంతేవాళ్లే. ఇది గారమా, నిజంగా అలసటేనా?

జవాబు: నిజంగా అలసటే. దానికి పేరు కూడా ఉంది. బోస్టన్ లలితకళల మ్యూజియం కార్యదర్శి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ 1916లో 'మ్యూజియం అలసట' అనే వ్యాసం రాశాడు. కింది అరల్లో పెట్టిన వస్తువులు చూడ్డానికి మనిషి ఎలా వంగాలో, ఎలా మెడ వంచాలో ఫొటోలు తీయించి మరీ చూపించాడు. పెద్దలకే ఆ తిప్పలుంటే, అద్దాల అంచు కళ్ల ఎత్తుకు రాని పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. దీనికి తోడు రెండడుగులు వేసి ఆగడం, మళ్లీ రెండడుగులు వేయడం మామూలు నడకకన్నా ఎక్కువ అలుపు. నడుస్తుంటే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి. నిలబడిపోతే ఆ పని సరిగ్గా జరగదు, కాళ్లు బరువెక్కుతాయి.

అంతా చూడాలన్న పట్టు వదిలేయండి. ఫ్లోర్ ప్లాన్ చూసి ఎనిమిది ప్రదర్శనలు ఎంచుకోండి, అందులో సగం పిల్లలే ఎంచుకోవాలి. ఒక్కోదానికి ఏడెనిమిది నిమిషాలు. నలభై నిమిషాలకోసారి కూర్చోబెట్టండి, వాళ్లు వద్దన్నా సరే. చేత్తో ఆడే గ్యాలరీని మొదటి గంటలోనే ముగించండి. స్కూలు బస్సులు దిగాక ఒక్కో మీట దగ్గర పదిమంది పిల్లలుంటారు.

పెద్దలు చేసే పొరపాటు ఒకటుంది. బోర్డు మీదున్నది గట్టిగా చదివి వినిపించి, ఆ తర్వాత మీట నొక్కమంటారు. జవాబు తెలిసిపోయాక నొక్కడంలో ఏం సరదా ఉంటుంది? ముందు 'ఏమవుతుందనుకుంటున్నావ్?' అని అడగండి, నొక్కనివ్వండి, బోర్డు ఆఖర్న చదవండి.

ప్రశ్న: మ్యూజియం మధ్యలో పెద్ద లోలకం వేలాడుతూ ఉంటుంది. భూమి తిరుగుతోందనడానికి రుజువని రాసుంటుంది. పావుగంట నిలబడి చూసినా నాకు ఏమీ తిరిగినట్టు అనిపించలేదు. పిల్లలకు ఏం చెప్పాలి?

జవాబు: పావుగంటలో కనబడనంత నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మీకు అనిపించలేదు. తప్పు మీది కాదు, చూసే పద్ధతిలో ఉంది. ఫ్రెంచి శాస్త్రవేత్త లియోన్ ఫూకో 1851లో పారిస్‌లోని పాంథియాన్ భవనం గుమ్మటం నుంచి 67 మీటర్ల తీగకు 28 కేజీల గుండు వేలాడదీసి ఈ ప్రయోగం చేశాడు. గుండు ఒకసారి అటు వెళ్లి ఇటు రావడానికి సుమారు 16 సెకన్లు పట్టేది. ఊగే దిశను బయటినుంచి ఎవరూ తిప్పడం లేదు, కింద నేల తిరుగుతోంది. మనం నేలతోపాటే తిరుగుతున్నాం కాబట్టి లోలకమే దిశ మార్చినట్టు కనిపిస్తుంది.

ఎంత వేగంగా అన్నది అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. ధ్రువం దగ్గర గంటకు 15 డిగ్రీలు, అంటే సుమారు ఒక రోజులో పూర్తి చుట్టు. భూమధ్యరేఖ మీద అసలు తిరగదు. మధ్యలో ఎక్కడైనా 15ని ఆ అక్షాంశపు సైన్ విలువతో (త్రికోణమితిలో వచ్చే నిష్పత్తి, 30 డిగ్రీలకు అది సగం) హెచ్చించాలి. 30 డిగ్రీల అక్షాంశంలో గంటకు ఏడున్నర డిగ్రీలు, పూర్తి చుట్టుకు 48 గంటలు. అక్కడ మీరు చూసిన పావుగంటలో జరిగేది రెండు డిగ్రీల లోపే. దాన్ని కన్ను పట్టుకోలేదు.

అందుకని ఇలా చేయండి. లోపలికి రాగానే పిల్లల్ని లోలకం దగ్గరికి తీసుకెళ్లండి. గుండు ఏ అంకె మీదికి, ఏ స్తంభం వైపుకి ఊగుతోందో కాగితం మీద గీయించండి, టైము రాయించండి. ఒక ఫొటో కూడా తీయండి. మూడు గంటల తర్వాత వెళ్లేముందు అదే చోట నిలబడి మళ్లీ చూడండి. ఏడున్నర లెక్కన 22 డిగ్రీలు దాటి జరిగి ఉంటుంది, అది ఎవరికైనా కనబడుతుంది. పదేళ్లవాడైతే ఆ కోణం నుంచి అక్షాంశాన్ని వెనక్కి లెక్క కట్టవచ్చు, పక్కన మీరు సాయం చేయాలి. కొన్నిచోట్ల చుట్టూ చిన్న పుల్లలు నిలబెడతారు, గుండు ఒక్కొక్కదాన్నీ పడగొడుతుంది. పుల్ల పడే క్షణం కోసం కాచుకోవడం ఆరేళ్లవాళ్లకు భలే ఇష్టం.

'ఇది ఆగదా?' అని కచ్చితంగా అడుగుతారు. గాలి ఒరిపిడికి ఆగుతుంది. ఆగకుండా తీగ పైభాగాన చాలా మ్యూజియాల్లో ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. అది ప్రతి ఊపుకీ ఏ దిశకూ మొగ్గకుండా కొంచెం బలం అందిస్తుంది. కంచె దాటి గుండును తాకవద్దనడానికి కారణం వేరు. పక్కకు చిన్న తోపు తగిలినా గుండు గీతలా కాకుండా కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది, ఆ ఆకారం తనంతట తానే దిశ మార్చుకుంటుంది. అప్పుడు భూమి తిరగడం ఏదో, తోపు ప్రభావం ఏదో విడదీయలేం. ఫూకో గుండును చేత్తో వదల్లేదు. దారంతో పక్కకు కట్టి, ఆ దారాన్ని కాల్చేశాడు.

ప్రశ్న: జుట్టు నిక్కబొడుచుకునే యంత్రం మా అమ్మాయి దగ్గర పనిచేయలేదు, ముందున్న పిల్లవాడికి బాగా పనిచేసింది. ఎందుకు? పిల్లలకు ఇలాంటివి ప్రమాదమా?

జవాబు: అది వాన్ డి గ్రాఫ్ యంత్రం. లోపల రబ్బరు పట్టీ ఒకటి తిరుగుతూ విద్యుదావేశాన్ని పైనున్న లోహపు గోళంలోకి మోస్తుంది. గోళం మీద చెయ్యి పెట్టిన మనిషి మీదికీ అది పాకుతుంది. ప్రతి వెంట్రుకకూ ఒకే రకం ఆవేశం రావడంతో ఒకదాన్నొకటి నెట్టుకుని లేస్తాయి. మీ అమ్మాయి విషయంలో మూడింట్లో ఒకటి జరిగి ఉంటుంది: జుట్టు తడిగానో జిడ్డుగానో ఉండటం, జడ గట్టిగా వేసి ఉండటం, లేదా ఒక కాలు పీట మీంచి కిందికి జారడం. విద్యుత్తును పోనివ్వని పీట అది. కాలు నేలకు తగిలితే ఆవేశం అంతా అటే పోతుంది. చెమ్మ ఎక్కువున్న రోజుల్లో ఎవరికీ సరిగ్గా లేవదు, గాలిలోని తేమ ఆవేశాన్ని నిలవనివ్వదు.

యంత్రం ఆగి ఉన్నప్పుడే చెయ్యి పెట్టాలి, సిబ్బంది చెప్పేదాకా తీయకూడదు. మధ్యలో తీసి మళ్లీ దగ్గరికి తెస్తే చురుక్కుమంటుంది. వోల్టేజి ఎక్కువే అయినా అక్కడ పోగయ్యే ఆవేశం చాలా తక్కువ, అందుకే హాని చేయదు. పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ లాంటివి ఉన్నవాళ్లు మాత్రం దీనికీ, టెస్లా కాయిల్‌కీ (మెరుపుల్లాంటి విద్యుత్ రవ్వలు చిమ్మే యంత్రం), బలమైన అయస్కాంతాలకూ దూరంగా ఉండాలి. మూర్ఛ వచ్చే పిల్లలుంటే మెరుపు దీపాల గది గురించి ముందే అడగండి. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుతురు కొందరిలో మూర్ఛను రేపుతుంది.

ఇదే వరుసలో మరో ఫిర్యాదు వస్తుంటుంది, గుసగుసల పళ్లేలు పనిచేయలేదని. ఎదురెదురుగా దూరంగా పెట్టిన రెండు పెద్ద పళ్లేలవి. పిల్లలు అవతలివాళ్ల వైపు తిరిగి అరుస్తారు. అలా కాదు, వీపు అవతలివాళ్లకు పెట్టి, ముఖం తమ పళ్లెం వైపు తిప్పి, గుర్తుగా పెట్టిన రింగు దగ్గర నోరుంచి మెల్లగా మాట్లాడాలి. ఆ రింగు ఉన్నచోటే పళ్లెపు నాభి. అక్కడినుంచి బయల్దేరిన ధ్వని పళ్లానికి తగిలి సమాంతరంగా వెళ్లి, అవతలి నాభి దగ్గర మళ్లీ కలుస్తుంది.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. బస్సెక్కితేనే వాంతులు. బోటు మానేయమంటారా?

జవాబు: మానక్కర్లేదు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఈ ఇబ్బంది ఎక్కువ. లోపలి చెవి 'కదులుతున్నాం' అంటుంది, కళ్లు 'లేదు' అంటాయి. ఆ తగాదా వల్లే కడుపులో తిప్పుతుంది. బోటు క్యాబిన్‌లో గోడలు చూస్తూ కూర్చుంటే జరిగేది ఇదే. ప్లానెటేరియంలో దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. గుమ్మటం నిండా ఆకాశం గిర్రున తిరుగుతుంటే కళ్లు కదులుతున్నామంటాయి, చెవి లేదంటుంది. అంటే మీ బాబుకి ఒకే రోజు రెండువైపులా దెబ్బ. షోకీ బోటుకీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి. షోలో వెనక వరుసలో కూర్చోబెట్టండి. తిప్పినట్టుంటే కళ్లు మూసుకోమని చెప్పండి, మెల్లగా సర్దుకుంటుంది.

బోటులో మధ్యభాగాన, కింది డెక్ మీద కూర్చోండి. ముందు కొస, వెనక కొస ఉయ్యాలపీట చివర్లలా లేచి పడతాయి, మధ్యలో ఊపు తక్కువ. చూపు దూరపు ఒడ్డు మీదో, నీరూ ఆకాశమూ కలిసే గీత మీదో ఉండాలి. ఫోను వద్దు, చేతిలోని కరపత్రం చదవడమూ వద్దు. డీజిలు పొగ వచ్చే వెనకవైపుకి పోకండి. కడుపు మరీ ఖాళీగానూ, మరీ నిండుగానూ లేకుండా గంటన్నర ముందు తేలికగా తినిపించండి.

మాత్ర సంగతి పిల్లల డాక్టరు బరువు చూసి చెప్పాలి. చాలా మాత్రలు అరగంట నుంచి గంట ముందు వేస్తేనే పనిచేస్తాయి. వాంతి మొదలయ్యాక మింగిస్తే లోపల నిలవదు. వీటితో నిద్ర వస్తుంది. పొద్దున్నే వేసేస్తే మ్యూజియం అంతా మీ భుజం మీదే చూస్తాడు.

ప్రశ్న: లైఫ్ జాకెట్ తొడిగాక మా పాపకు చెవుల దాకా లేచింది. బోటు సిబ్బంది 'పర్లేదు' అన్నారు. నిజంగా పర్లేదా?

జవాబు: పర్లేదు కాదు. నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పాప అందులోంచి కిందికి జారుతుంది. జాకెట్ వయసును బట్టి కాదు, బరువును బట్టి తీసుకోవాలి. లోపలి లేబుల్ మీద ఎన్ని కేజీల నుంచి ఎన్ని కేజీల వారికో ముద్రించి ఉంటుంది. 'ఎదిగే పిల్లే కదా' అని పెద్దది తొడగడం ఇక్కడ పనికిరాదు.

తొడిగే పద్ధతి ఇది. జిప్ పైదాకా, బకిల్స్ అన్నీ టక్ అని వినబడేదాకా పెట్టి, పట్టీలు నడుం దగ్గర నుంచి పైకి వరసగా బిగించండి. చిన్నపిల్లల జాకెట్‌కి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటుంది. చాలాచోట్ల దాన్ని కట్టకుండా వేలాడదీస్తారు. పాప జారిపోకుండా ఆపేది అదే. తర్వాత రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి లేస్తే బిగింపు చాలలేదు, బిగించినా లేస్తే సైజు తప్పు, వేరేది అడగండి. స్వెటరు ఉంటే దాని మీద జాకెట్. బ్యాగు మాత్రం జాకెట్ మీద వేయకూడదు, చేతిలో ఉండాలి.

లేబుల్ మీద 50, 100, 150 అని న్యూటన్ల లెక్క ఉంటుంది. 100 న్యూటన్లంటే సుమారు 10 కేజీల బరువును తేల్చే బలం. 'నా బరువు 70 కదా, 10 ఎలా సరిపోతుంది?' అని అడుగుతుంటారు. నీళ్లలో శరీరం చాలావరకు దానంతటదే తేలుతుంది, ముక్కూ నోరూ పైన ఉంచడానికి ఆ కాస్త సాయం చాలు. 50 రాసినది ఈత వచ్చినవాళ్లకు ఊతం మాత్రమే, స్పృహ తప్పిన మనిషి ముఖాన్ని పైకి తిప్పుతుందన్న నమ్మకం లేదు. గాలి ఊది చేతులకు తొడిగే రెక్కలు, నడుముకు వేసే గాలి రింగులు ఆటవస్తువులు. అవి లైఫ్ జాకెట్లు కావు.

ప్రశ్న: ఇనుప బోటు ఎందుకు మునగదని మా అబ్బాయి అడిగాడు. 'ఆర్కిమెడిస్ సూత్రం' అన్నాను, వాడికి ఎక్కలేదు.

జవాబు: పేరు చెబితే ఎక్కదు, లెక్క చూపిస్తే ఎక్కుతుంది. రేవులో నిలబడి జనం ఎక్కుతుంటే బోటు పక్కనున్న నీటి గీతను చూడమనండి. నీటి దగ్గర 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, పెట్టెలాంటి ఆకారం అనుకుంటే 30 చదరపు మీటర్లు. అది ఒక్క సెంటీమీటరు దిగితే పక్కకు తోసే నీరు 0.3 ఘనపు మీటర్లు, అంటే 300 కేజీలు. 60 కేజీల మనుషులు ఐదుగురు ఎక్కితే ఒక సెంటీమీటరు దిగుతుంది. యాభైమందికి 10 సెంటీమీటర్లు. తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోసేదాకా దిగి, అక్కడ ఆగుతుంది. అదే ఇనుమును ముద్ద చేస్తే అంత నీటిని తోయలేదు, మునిగిపోతుంది. ఉప్పునీరు మంచినీటికన్నా రెండున్నర శాతం బరువు, అందుకే అదే బోటు సముద్రంలో కొంచెం పైకి తేలుతుంది.

అబ్బాయితో ఇంకో మాటా చెప్పండి. మునగకపోవడం వేరు, ఒరగకపోవడం వేరు. బరువు కిందుంటే బోటు ఒరిగినా తిరిగి నిలబడుతుంది, పైనుంటే నిలబడే శక్తి తగ్గుతుంది. 1915 జులై 24న షికాగో నదిలో ఈస్ట్‌లాండ్ అనే షికారు ఓడ ఇంకా రేవుకు కట్టి ఉండగానే పక్కకు ఒరిగి పడిపోయింది. 844 మంది చనిపోయారు. టైటానిక్ మునిగిన తర్వాతి నియమాల కోసం పైభాగాన చేర్చిన లైఫ్‌బోట్లు, తెప్పలే అసలే నిలకడ తక్కువైన ఆ ఓడ పైబరువును పెంచాయి. కాబట్టి అందరూ పై డెక్‌కి ఎగబడినా, ఒక పక్కన ఏదో కనిపించిందని ఫొటో కోసం అటే తోసుకున్నా మీరు కింద, మధ్యలో ఉండిపోండి. సరంగు 'కూర్చోండి' అంటే అది మర్యాదకు చెప్పే మాట కాదు. ఎంతమంది ఎక్కవచ్చో రాసిన బోర్డు ఎక్కేచోటే ఉంటుంది. తలలు లెక్కపెట్టే పని పిల్లలకు అప్పజెప్పండి. చంటిపిల్లల్నీ లెక్కలో వేసుకోమనండి. ఎక్కువైతే దిగిపోండి, టికెట్ పోయినా సరే.

ప్రశ్న: మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. బోటు ఎక్కించడం ఎలా?

జవాబు: కష్టం బోటులో ఉండదు, జెట్టీకీ బోటుకీ మధ్యనున్న ఆ ఒక్క అడుగులో ఉంటుంది. అందరికన్నా ముందు గానీ, అందరూ ఎక్కాక గానీ ఎక్కిస్తామని సిబ్బందికి చెప్పండి. బోటులో ఒకరు, జెట్టీ మీద ఒకరు నిలబడాలి. ఆవిడ రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, చేతికర్ర, సంచి ముందే లోపలికి అందించండి. బోటులోకి పైకి ఎక్కాలంటే నొప్పి తక్కువున్న కాలు ముందు, కిందికి దిగాలంటే నొప్పి ఎక్కువున్న కాలు ముందు వేయమనండి. చిన్న బోటైతే అడుగు అంచు మీద కాదు, మధ్యలో పడాలి. సముద్రపు రేవైతే ఆటుపోట్లు చూసుకోండి. పోటు నుంచి ఆటుకు సుమారు ఆరు గంటలు. ఎక్కేటప్పుడు సమంగా ఉన్న వాలు వంతెన దిగేటప్పటికి నిటారుగా తయారవుతుంది. చక్రాల కుర్చీ ఉంటే ఈ సంగతి ఫోను చేసి ముందే కనుక్కోండి.

ప్రశ్న: జనంలో పిల్లలు తప్పిపోతే?

జవాబు: పొద్దున బయల్దేరేముందు పిల్లల నిలువెత్తు ఫొటో ఒకటి తీయండి. ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు కంగారులో ఎవరికీ గుర్తురాదు. మీ ఫోను నంబరు చొక్కా లోపలివైపు రాయండి లేదా మణికట్టు పట్టీ మీద రాసి కట్టండి. పేరు మాత్రం బయటికి కనబడేలా వద్దు. 'మేం కనబడకపోతే ఉన్నచోటే నిలబడు, యూనిఫాం వేసుకున్నవాళ్లకు చెప్పు' అన్న ఒక్క మాటే నేర్పండి. వెతుక్కుంటూ తిరిగే పిల్లకన్నా నిలబడ్డ పిల్ల త్వరగా దొరుకుతుంది. మ్యూజియంలో అయితే మీలో ఒకరు వెంటనే బయటి గేటు దగ్గరికి, ఇంకొకరు ఆఖరిసారి కలిసి ఉన్నచోటికి వెళ్లండి. రేవులో అయితే ముందు నీటి అంచు చూడండి, మిగతా చోట్లు ఆ తర్వాత.